గుమాస్తా చేతిలోని కాగితం

అమ్మాయీ,

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. వాక్యం నీ మాట వింటుంది, సంతోషం. కానీ మూడో అధ్యాయంలో ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను: "కాఫీ గ్వాటెమాలాను మార్చేసింది." చెట్టు ఏ దేశాన్నీ మార్చదమ్మా. ఎవరో ఉత్తర్వు రాయాలి, ఇంకెవరో దాన్ని పట్టుకుని కొండెక్కాలి. కాఫీ తోటలు పెరిగిన కాలంలో అధ్యక్షుడైన హుస్తో రుఫీనో బారియోస్ పాలన రాస్తూ ఆ కాగితాన్ని వదిలేస్తే గుర్రం, కత్తి, ఉపన్యాసం మాత్రం మిగులుతాయి.

ముందు తప్పులు దిద్దుకో. 1871 జూన్ 30న ఉదారవాదులు రాజధానిలో అడుగుపెట్టాక అధ్యక్షుడైనది మిగెల్ గార్సియా గ్రనాదోస్. బారియోస్ ఆ కుర్చీ ఎక్కింది 1873 జూన్‌లో. కాఫీకి ముందు గ్వాటెమాలా బతికింది నీలిమందు మీద అని రాశావు. నీలిమందు పక్కనున్న ఎల్ సాల్వడార్‌ది. ఇక్కడిది కొచినీల్: ఆంటిగ్వా, అమాతిత్లాన్ చుట్టూ నాగజెముడు మీద పెంచి, ఎండబెట్టి, ఎర్రరంగు తీసే పురుగు. 1856 తర్వాత యూరప్‌లో రసాయన రంగులు వచ్చి దాని ధర పడిపోయింది. కాఫీ వైపు తిరగడానికి పెద్ద కారణం అదే.

ఇప్పుడు కాఫీ సంగతి. నాటాక మూడు నాలుగేళ్ళ దాకా కాపు రాదు, అందాకా అప్పు కావాలి. పళ్ళన్నీ ఒకేసారి పండవు, కాబట్టి ఒకే చెట్టు దగ్గరికి చేత్తో కోయడానికి పలుమార్లు వెళ్ళాలి. కోసినవాటి తోలు ఆ రోజే తీయకపోతే పులిసి గింజ పాడవుతుంది. కిలో పచ్చిగింజకి ఐదారు కిలోల పళ్ళు కావాలి. అంటే ఏడాదిలో కొన్ని నెలలు తోటకి విపరీతంగా మనుషులు కావాలి, మిగతా నెలలు అంతమంది అక్కర్లేదు. తోటలు పసిఫిక్ వైపు వాలులో ఉన్నాయి. మనుషులేమో పైన కొండల్లో, మాయా అనే ఆదివాసీల ఊళ్ళలో ఉన్నారు. పైగా కోతకాలం చివర్లోనే అక్కడ మొక్కజొన్న ఇంటికి రావాలి. సొంత పంట వదిలి ఎవరు దిగుతారు?

ఆ ప్రశ్నకి బారియోస్ ఇచ్చిన జవాబు 1876 నవంబర్ 3 నాటి సర్క్యులర్. తోట యజమాని అడిగితే యాభై మందినో వందమందినో ఊళ్ళ నుంచి పంపించమని జిల్లా అధికారులకి ఆజ్ఞ. జిల్లా అధికారిని అక్కడ హెఫె పొలితికో అంటారు. ఆ పద్ధతికి వలసపాలన నాటి వేళ్ళున్నాయి. ఐదు నెలలకి, 1877 ఏప్రిల్ 3న, 177వ డిక్రీ వచ్చింది. కూలీకి ముందస్తు డబ్బు, దాన్ని రాసుకోడానికి లిబ్రేతా అనే చిన్న పుస్తకం. చేసిన పని ఒక పక్క, బాకీ ఇంకో పక్క. బాకీ తీరినట్టు అందులో లేకపోతే మరో తోట అతన్ని పెట్టుకోకూడదు. దీన్ని నువ్వు "వెట్టి" అనే ఒక్క మాటతో దాటేశావు. మన పాఠకుడికి ఆ మాట వినగానే దొర గడీ కనపడుతుంది, కూలి లేని చాకిరీ కనపడుతుంది. ఇక్కడ కూలి ఉంది. కూలి ఉండబట్టే ఇది స్వేచ్ఛా ఒప్పందమని చట్టం చెప్పుకోగలిగింది. ఆ తేడా నీ పేజీ మీద కనపడాలి.

పద్ధతి ఎక్కడ బెసికిందో కూడా రాయి. ఒకే మనిషి రెండు తోటల దగ్గర ముందస్తు తీసుకునేవాడు, యజమానులు ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకునేవారు. కొందరు సరిహద్దు దాటి మెక్సికో వైపు పోయేవారు. నీ కథ అక్కడుంది.

అంకెలు పాఠకుడికి అడ్డమని సంపాదకులు చెబుతారు. ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. ముందుగా కోతపడేది కూలి లెక్కే. ఒప్పుకోకు. లాటిన్ అమెరికా అనగానే దయ్యాలూ వింత వానలూ దింపడం ఇప్పుడొక మోజు. నువ్వూ ఒక వాన కురిపించావు, తీసెయ్.

చర్చి మీద నువ్వు రాసిన నాలుగు పేజీలు ఒక పేరాకి కుదించవచ్చు. 1871లో, గార్సియా గ్రనాదోస్ హయాంలోనే, జెసూట్‌లనే క్యాథలిక్ సన్యాసులని, ఆర్చిబిషప్‌ని వెళ్ళగొట్టారు. ఆ తర్వాత చర్చి ఆస్తులు స్వాధీనం చేసుకుని, ఆ సొమ్ముతో 1874లో జాతీయ బ్యాంకు పెట్టారు. 1875లో ఉచిత, నిర్బంధ, మతంతో సంబంధం లేని చదువు చట్టమైంది. బ్యాంకూ, బడీ బారియోస్ చేసినవే, దాచకు. బడి చట్టంలోనూ, లిబ్రేతా చట్టంలోనూ ఉన్నది ఒకే చెయ్యి.

నీ మొదటి అధ్యాయం చాల్చువాపా యుద్ధం. 1885 ఫిబ్రవరి 28న మధ్య అమెరికా ఐదు దేశాలనీ ఒకటి చేస్తూ డిక్రీ, ఎల్ సాల్వడార్ అధ్యక్షుడు సాల్దీవార్ ఎదురుతిరగడం, ఏప్రిల్ 2న ఆ యుద్ధంలోనే బారియోస్ మరణం: 33 రోజుల కథ. దీన్ని చివరికి పంపు. మొదట్లో కెత్సాల్తెనాంగో కచేరీలో నువ్వు రెండే పంక్తులిచ్చిన ఆ గుమాస్తాని కూర్చోబెట్టు. నవంబర్ సర్క్యులర్ నకలు తీస్తున్నాడు, "యాభై" దగ్గర కలం ఆగింది. నీ రాతప్రతిలో నన్ను కదిలించింది ఆ రెండు పంక్తులే.

చివరి అధ్యాయానికి ఒక తేదీ వాడుకో. బారియోస్ కూలిన మర్నాటికి 177వ డిక్రీకి సరిగ్గా ఎనిమిదేళ్ళు. ఐక్యత డిక్రీ ఆయనతోనే పోయింది. అప్పు కోసం మనిషిని కట్టిపడేసే చట్టం 1934 దాకా పోలేదు. మరుసటేడు, 1935లో, ఆయన శతజయంతికి రాజధానిలో ఉక్కు గోపురం లేపారు. ఈ రెండేళ్ళనీ పక్కపక్కన పెట్టి, వ్యాఖ్యానం లేకుండా రాసి పంపు.

ఆశీస్సులతో.