ఎలుక పిండంలో అవయవం ఆకారాన్ని ఏ పొర నిర్ణయిస్తుంది?

"పిండంలో మొదట ఏర్పడే మూడు పొరలు, ఎక్టోడర్మ్, మీసోడర్మ్, ఎండోడర్మ్, వాటి నుంచి ఏవి వస్తాయో చెప్పే పట్టిక కంఠతా వచ్చు. కానీ అవయవానికి ఆ ఆకారం ఏ పొర వల్ల వస్తుందో అర్థం కావడం లేదు" అని ఒకరు అడిగారు. ఆ పట్టిక కణాలు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రమే చెబుతుంది. ఆకారం కోసం చూడాల్సిన జంట వేరే ఉంది: కణాలు ఒత్తుగా అంటుకుని ఉండే ఎపిథీలియం, దాని చుట్టూ కణాలు వదులుగా ఉండే మెసెంకైమ్.

నా పీహెచ్‌డీ చాలావరకు ఎలుక పిండాల లాలాజల గ్రంథులతోనే గడిచింది. 13వ రోజు పిండం దవడ కింద నుంచి తీసిన గ్రంథిని మీడియం (పోషక ద్రవం) మీద తేలే ఫిల్టర్‌పై పెడితే, మర్నాటికే మొగ్గల్లో చీలికలు పడి కొమ్మలు కనిపిస్తాయి. అదే గ్రంథిని కణజాలాలను విడదీసే డిస్పేస్ ఎంజైమ్‌లో కాసేపు ఉంచి సన్నటి సూదులతో మెల్లగా లాగితే, మెసెంకైమ్ ఉడికిన సగ్గుబియ్యం చుట్టూ ఉండే జిగురులా ఊడొస్తుంది. మిగిలిన ఎపిథీలియాన్ని ఒంటరిగా మామూలు మీడియంలో వదిలేస్తే కొమ్మలు వేయదు. మెసెంకైమ్‌తో మళ్లీ కలిపితే వేస్తుంది. (తగిన జెల్, పెరగమని చెప్పే గ్రోత్ ఫ్యాక్టర్ ప్రొటీన్లు ఇస్తే ఒంటరిగా కూడా వేస్తుంది లెండి.)

అలాగని పెత్తనమంతా మెసెంకైమ్‌దే అనుకోవద్దు. స్తన గ్రంథి ఎపిథీలియాన్ని లాలాజల గ్రంథి మెసెంకైమ్‌తో కలిపితే కొమ్మలు లాలాజల గ్రంథిలాగే వస్తాయి. కానీ ఆ కణాలు తయారుచేసేది పాల ప్రొటీన్లనే అని 1976లో సకకురా బృందం చూపించింది. రూపు ఒకరిది, పని ఇంకొకరిది!

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పంటి కథ. 11వ రోజు ప్రాంతంలో దవడ ఎపిథీలియాన్ని పళ్లు రాని చోటి నుంచి, అంటే రెండో ఆర్చ్ (పిండం గొంతు దగ్గర వరుసగా ఉండే ఉబ్బుల్లో రెండోది) నుంచి తెచ్చిన మెసెంకైమ్‌తో కలిపినా పన్ను వస్తుంది. 12వ రోజు దాటాక ఆ శక్తి మెసెంకైమ్‌కు మారిపోతుంది. అప్పుడు పంటి మెసెంకైమ్‌ను అరికాలి ఎపిథీలియంతో కలిపినా పన్నే. ముందు పన్నా, దవడ పన్నా అన్నది కూడా అప్పటికి మెసెంకైమే చెబుతుంది. బీఎంపీ4 అనే సిగ్నల్ కూడా దాదాపు అప్పుడే ఎపిథీలియం నుంచి మెసెంకైమ్‌కు మారుతుంది. పైగా ఈ మెసెంకైమ్ మీసోడర్మ్ కాదు, ఎక్టోడర్మ్ నుంచి పుట్టి వలస వచ్చే న్యూరల్ క్రెస్ట్ కణాలు. ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

ఊపిరితిత్తుల్లో కొమ్మలకు సంకేతం మెసెంకైమ్ ఇచ్చే ఎఫ్‌జీఎఫ్10 అనే ప్రొటీన్. దాని జన్యువు తీసేసిన ఎలుకల్లో శ్వాసనాళం ఉంటుంది, దాని కింద ఊపిరితిత్తులు ఉండవు, కాళ్లూ ఉండవు.

మీరు ఈ ప్రయోగాలు చేయబోతుంటే క్యాలెండర్‌ని మాత్రమే నమ్ముకోవద్దు. ఒకే తల్లి కడుపులోని పిండాలే సగం రోజు అటూ ఇటూ ఉంటాయి. పంటి విషయంలో ఆ సగం రోజుతోనే ఫలితం తారుమారవుతుంది. కాళ్ల మొగ్గల ఆకారం చూసి వయసు ఖాయం చేసుకున్నాకే కత్తెర పట్టండి.