ఇష్టం ఉంది, కోరిక లేదు... పెళ్లి చేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. మాది గుంటూరు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇప్పటిదాకా ఎవరిమీదా నాకు శారీరకమైన కోరిక కలగలేదు. ఆఫీసులో ఒకతనంటే మాత్రం చాలా ఇష్టం ఉండేది. గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లం, చెయ్యి పట్టుకుంటే హాయిగా ఉండేది. అంతకుమించి ఏమీ కావాలనిపించలేదు. ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ‘పెళ్లయితే అన్నీ అవే వస్తాయి’ అంటుంది పిన్ని. హార్మోన్ల లోపమేమో చూపించుకోమంటోంది స్నేహితురాలు. ఇది జబ్బా? అబ్బాయికి చెప్పాలా?

జవాబు: కోరిక ఉండీ బిడియంతోనో భయంతోనో బయటపడనివాళ్ల విషయంలో మీ పిన్నిగారి మాట కొంత నిజం. అసలు కోరికే కలగనివాళ్లకు మూడు ముళ్లు పడగానే అది పుట్టుకురాదు. ఆ నమ్మకంతో మాత్రం పెళ్లికి ఒప్పుకోకండి.

హార్మోన్ల సంగతి తేలాలంటే ఒక ప్రశ్న వేసుకోండి. కోరిక ఒకప్పుడు ఉండి పోయిందా, మొదటినుంచీ లేదా? ఉండి పోతే డాక్టర్‌ని కలవాల్సిందే. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల తేడాలు, డిప్రెషన్, దానికి వాడే సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు కోరికను తగ్గిస్తాయి. మొదటినుంచీ ఇంతే అయి, నెలసరి సక్రమంగా వస్తూ, ఇలాంటి మందులేవీ వాడకపోతే పరీక్షల చుట్టూ తిరగక్కర్లేదు. ఇంట్లోవాళ్ల తృప్తి కోసం టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ రక్తపరీక్షలు ఒకసారి చేయించుకుంటే చాలు. కోరిక పెంచుతామనే ప్రకటనల మందుల జోలికి వెళ్లకండి. చిన్నప్పటి చేదు అనుభవమో, తాకితేనే భయమో ఉంటే అది వేరే దారి, దానికి క్లినికల్ సైకాలజిస్ట్ సాయం కావాలి. మీ ఉత్తరంలో ఆ జాడ కనబడలేదు.

మీరు చెప్పినదాన్నిబట్టి మీరు ఏసెక్సువల్, అంటే ఎవరిమీదా లైంగిక ఆకర్షణ కలగని మనిషి, అయి ఉండొచ్చు. ఆ మాట మీకు సరిపోతుందో లేదో తేల్చుకోవాల్సింది మీరే. ఇది జబ్బు కాదు. మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే పుస్తకం డీఎస్‌ఎం-5 (2013) ప్రకారం, కోరిక లేకపోవడాన్ని రుగ్మత అనాలంటే కనీసం ఆరు నెలలు అలా ఉండి, దానివల్ల ఆ మనిషి బాధపడుతూ ఉండాలి. ఏసెక్సువల్‌నని చెప్పుకునేవారికి ఆ రుగ్మత అంటగట్టకూడదని కూడా అందులోనే ఉంది. మీ బాధంతా సంబంధాల ఒత్తిడి వల్లే తప్ప కోరిక లేనందుకు కాదు. బ్రిటన్‌లో 18 వేలమందికి పైగా పాల్గొన్న సర్వేను 2004లో కెనడా పరిశోధకుడు ఆంథొనీ బోగార్ట్ విశ్లేషిస్తే, ఎవరిమీదా లైంగిక ఆకర్షణ కలగలేదన్నవారు సుమారు 1 శాతం తేలారు.

ఆకర్షణ ఒకే ముద్ద కాదు. ఆఫీసు అతనితో కబుర్లకోసం ఎదురుచూడటం ప్రేమపరమైన ఆకర్షణ. చెయ్యి పట్టుకుంటే హాయి అనిపించడం స్పర్శకు సంబంధించింది. అందంగా ఉన్నాడని చూస్తూ ఉండిపోవడం ఇంకొకటి. లైంగిక ఆకర్షణ వీటన్నిటికీ వేరు. మీకు మొదటి రెండూ ఉన్నాయి, చివరిది లేదు. కొందరికి గాఢమైన అనుబంధం ఏర్పడ్డాకే లైంగిక ఆకర్షణ కలుగుతుంది, వాళ్లు డెమీసెక్సువల్. ఎప్పుడో అరుదుగా కలిగేవాళ్లు గ్రేసెక్సువల్. ప్రేమలో పడాలనే అనిపించనివాళ్లు ఎరొమాంటిక్. ఒంట్లో ఉద్రేకం కలిగినా అది ఏ మనిషివైపూ మళ్లని ఏసెక్సువల్స్ కూడా ఉన్నారు, కాబట్టి అలా జరిగితే కంగారుపడకండి.

పెళ్లి దగ్గరికొచ్చేసరికి ఈ పేర్లకన్నా మీ హద్దులు ముఖ్యం. కాగితం మీద రాసుకోండి: కౌగిలి, ఒకే మంచం, ముద్దు, కలయిక. ఒక్కోదాని పక్కన ‘ఇష్టమే’, ‘ఫర్వాలేదు’, ‘వద్దు’లలో ఏదో ఒకటి. కలయిక దగ్గర ‘ఫర్వాలేదు’ అని నిజంగా అనిపిస్తే మీకు సరిపడే సంబంధాలు ఎక్కువే ఉంటాయి. ‘వద్దు’ అయితే చాలా తక్కువ. అప్పుడు పెళ్లి లేకుండా బతకడం గురించీ ఆలోచించాలి.

అబ్బాయికి చెప్పి తీరాలి, అదీ నిశ్చితార్థానికి ముందే. పెళ్లిచూపుల్లో పక్కగదిలో ఇచ్చే పది నిమిషాల్లో వద్దు, వాట్సాప్‌లో అసలొద్దు, స్క్రీన్‌షాట్ ఎక్కడెక్కడికి పోతుందో తెలియదు. రెండో మూడో సారి కలిసినప్పుడు ఇలా చెప్పండి: ‘నాకు తోడు కావాలి, ఆప్యాయత కావాలి. శారీరక కోరిక మాత్రం నాకు ఎప్పుడూ కలగలేదు. ఇకమీద కలుగుతుందని మాట ఇవ్వలేను.’ ‘నాకు కొంచెం సిగ్గెక్కువ’ అన్నారో, నాలుగు నెలల్లో అదే పోతుందిలే అనుకుంటాడు. వెంటనే ‘ఓకే’ అన్నా ఒక వారం ఆగి మళ్లీ అడగండి. పిల్లల మాట కూడా అప్పుడే తేల్చుకోండి.

దాస్తే చట్టపరంగానూ చిక్కే. ముఖ్యమైన విషయం దాచి మోసం చేశారంటూ హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 కింద పెళ్లి రద్దు కోరే వీలుంది. తగిన కారణం లేకుండా చాలాకాలం కలయికకు నిరాకరించడం మానసిక క్రూరత్వం కావచ్చని సుప్రీంకోర్టు 2007లో సమర్ ఘోష్ కేసులో చెప్పింది.

అమ్మకు అంతా వివరించక్కర్లేదు. ‘అబ్బాయితో రెండుమూడుసార్లు విడిగా మాట్లాడందే ఒప్పుకోను’ అంటే చాలు. సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ఏసెక్సువాలిటీ గురించి ఏమనుకుంటారో ముందే అడగండి. ‘మార్చేద్దాం’ అంటే లేచి వచ్చేయండి. మనసు బరువెక్కితే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.