బొగ్గుట్ట కథలు రాసుకోవడానికి వస్తున్న మనవరాలికి

చిరంజీవి బిడ్డకు తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవులకు ఇల్లందు, అదే మన బొగ్గుట్ట వచ్చి, సింగరేణి బొగ్గు బాయి దిగిన పాతవాళ్లందరితో మాట్లాడి రాసుకుంటానన్నావు. చాలా సంతోషమైంది. ఆలస్యం మాత్రం చేయకు. తట్టా చెమ్మస్ (గంపా పారా) పట్టి బొగ్గు టబ్బులు నింపినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఎవరి దగ్గరికి ఎట్లా పోవాలో, ఏమడగాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఆడవాళ్లతో మొదలుపెట్టు. అందరూ నేరుగా మగవాళ్ల దగ్గరికే పోతారు. వాళ్లేమో యూనియన్ ఎన్నికలు, లీడర్ల గొడవలు చెప్పి పంపిస్తారు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనియ్యలేదు, ఆ నిబంధన సడలింది 2019లోనే. అయినా మీ నాయనమ్మ వయసు వాళ్లకు బాయి సంగతి మా అందరికంటే ఎక్కువ తెలుసు. మనిషి ఇంటికొచ్చిన వేళను బట్టి, విప్పిన బట్టల తడిని బట్టి, ఆ రోజు ఏ లెవెల్‌లో పని పడిందో చెప్పేవాళ్లు. మొదటి షిఫ్టు వారం ఎన్నింటికి లేచేవాళ్లు, నైట్ షిఫ్టు వారం పగలంతా పిల్లల్ని చప్పుడు చేయకుండా ఎట్లా ఆపేవాళ్లు, రెండు గదుల క్వార్టర్‌లో ఊరి నుంచి వచ్చిన చుట్టాలను ఎక్కడ పడుకోబెట్టేవాళ్లు, ఇవన్నీ అడుగు. బొగ్గుల పొయ్యి గురించి తప్పకుండా అడుగు. దాన్ని వాకిట్లోనే అంటించి, పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక, అప్పుడు ఎత్తి లోపలికి తెచ్చేవాళ్లు. సాయంత్రం ఆ వేళకు బస్తీ అంతా పొగ కమ్మి పక్కింటి మనిషి కనపడేది కాదు. ఏ బొగ్గు తొందరగా అంటుకుంటుందో, ఏది రాయి కలిసినదో చేత్తో పట్టుకుని చెప్పగలిగిన ఆడవాళ్లు మన బస్తీలో ఇంకా ఉన్నారు.

మగవాళ్ల దగ్గరికి పోయినప్పుడు "అప్పట్లో ఎట్లా ఉండేది తాతా" అని అడగకు. అట్లా అడిగితే "ఏముంది బిడ్డా, కష్టపడ్డాం" అంటారు, మాట అక్కడికి ఆగిపోతుంది. ఏ బాయి, ఏ షిఫ్టు, ఏ పని అని అడుగు. బొగ్గు నింపే కోల్ ఫిల్లరా, కప్పు కింద దుంగలు నిలబెట్టే టింబర్‌మనా, టబ్బులు లాగే హాలర్ నడిపాడా, మందు పేల్చే షాట్‌ఫైరరా, పనిచోటు భద్రత చూసే సర్దారా, ఆ పైన ఓవర్‌మనా? ఎవరి పని వాళ్లకు వేరే లోకం. ఇంక్లైన్‌కీ పిట్‌కీ తేడా తెలుసుకుని పో. ఏటవాలుగా నడిచి దిగేది ఇంక్లైన్, నిలువు గుంతలో కేజ్ అనే ఇనుప బోనులో నిలబడి దిగేది పిట్. నువ్వు ఆ తేడా తెలిసి మాట్లాడితే పెద్దమనిషి ముఖమే మారుతుంది, కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు.

ఒకటి ప్రత్యేకంగా అడిగి చూపించమను. పని చోటికి చేరగానే సర్దార్ కర్ర తీసుకుని కప్పును తట్టి చూస్తాడు. ఖంగుమని మోగితే గట్టిది. డొల్లగా పలికితే పైపొర విడిపోయిందన్నమాట, కింద మనిషి నిలబడకూడదు. ఆ చప్పుడులో తేడా పట్టడం ఏ పుస్తకంలోనూ రాదు, చెవికి అలవాటు కావాలి. కప్పు కింద నిలబెట్టిన దుంగ విరగబోయే ముందు చేసే చప్పుడు కూడా అంతే. పాత సర్దార్ ఎవరైనా దొరికితే తలుపు మీదో బల్ల మీదో కొట్టి చూపించమని, నీ ఫోన్‌లో రికార్డు చేసుకో. మన ఊరి గొప్పతనం గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఆ చెవి గురించే. వందలమంది ప్రాణాలు దాని మీద ఆధారపడ్డాయి. దానికి ఎక్కడా బోర్డు పెట్టలేదు, బొమ్మ నిలబెట్టలేదు.

లాంప్ రూం సంగతి కూడా రాసుకో. టోకెన్ బిళ్ల ఇచ్చి టోపీ లైటు తీసుకునేవాళ్లం, పైకి వచ్చాక లైటు అప్పగించి బిళ్ల తీసుకునేవాళ్లం. షిఫ్టు అయిపోయాక కూడా ఒక లైటు వెనక్కి రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అప్పుడు వెతకడానికి పోయేవాళ్లు.

కొన్ని సంవత్సరాలు నీ బుర్రలో ఉండాలి. 1871లో జియలాజికల్ సర్వే వాళ్ల డాక్టర్ కింగ్ మన ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో ఇల్లందులోనే తవ్వడం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. ఏటా ఆ రోజే సింగరేణి డే చేస్తారు. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. పెద్దవాళ్లు ఇవన్నీ కలగలిపి చెబుతారు. వాళ్ల ముందు సరిదిద్దకు. ఇంటికొచ్చి పక్కన రాసుకో.

ప్రమాదాల గురించి నువ్వుగా ఎత్తకు. మాట అటు పోతే పోనీ. చెబుతూ చెబుతూ ఆగిపోతే నువ్వు కూడా ఊరుకో, ఫోన్ పక్కన పెట్టెయ్. చనిపోయినవాళ్ల పేర్లు వాళ్ల ఇంట్లో అడక్కుండా ఎక్కడా రాయొద్దు.

ఇక ఊరు పడిపోయిన సంగతి. దాన్ని దాచాల్సిన పని లేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటి కార్మికులుండేవాళ్లు, ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చారు. చేతులతో నింపే పని పోయి బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి, భూగర్భ బావులు మూతపడి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టులు వచ్చాయి. అక్కడ షావెళ్లు, డంపర్లే పని చేస్తాయి, మనుషులు కొద్దిమంది చాలు. కంపెనీ పుట్టింది మన దగ్గర, హెడ్డాఫీసు కొత్తగూడెంలో. షిఫ్టు మారే వేళకు కిక్కిరిసిన బజారు ఇప్పుడు లేదు. ఇదంతా రాయి. కానీ కూలిన క్వార్టర్ల ఫొటోలు నాలుగు తీసి "చచ్చిపోయిన ఊరు" అని పేరు మాత్రం పెట్టకు. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ కూలిన క్వార్టర్ పక్క దాంట్లోనే ఒక కుటుంబం ఉంటుంది, వాకిట్లో మామిడిచెట్టు కాస్తుంటుంది, వాళ్ల పిల్ల నీలాగే ఎక్కడో చదువుకుంటుంటుంది. ఆ ఇంటి తలుపు కూడా తట్టు. బావి మూసేశాక వేరే ఏరియాకు బదిలీ అయి, రోజూ బస్సులో పోయి వచ్చి, సంసారం మాత్రం ఇక్కడి నుంచి కదపని వాళ్లున్నారు. ఎందుకు కదపలేదో అడుగు. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు, అన్నీ రాసుకో.

2011లో తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మె గురించి అడగడం మర్చిపోకు. సింగరేణి 35 రోజులు ఆగింది. ఆ నెల జీతం లేకుండా ఇల్లు ఎట్లా గడిచిందో, ఏ కొట్టువాడు అరువిచ్చాడో, ఎవరి ఇంట్లో బియ్యం పంచుకున్నారో అడుగు. ఉపన్యాసాల సంగతి పేపర్లలో దొరుకుతుంది, ఈ బియ్యం సంగతి ఇళ్లలోనే దొరుకుతుంది.

కాగితాలు చూపిస్తారు. పాత జీతం చీటీలు, గుర్తింపు కార్డులు, రిటైర్మెంట్ రోజు శాలువా కప్పిన ఫొటో. అక్కడే వాళ్ల ముందే ఫోన్‌లో ఫొటో తీసుకో, ఒక్క కాగితం కూడా ఇంటికి తేవద్దు. పింఛను కోసం మళ్లీ ఎప్పుడు ఏది అవసరం పడుతుందో తెలియదు. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి అప్పుడే చెప్పించుకుని రాసుకో. ఆ పేర్లు చెప్పగలిగే మనిషి వచ్చే దసరాకు ఉంటాడన్న హామీ లేదు.

మూతపడ్డ బావుల వైపు ఒంటరిగా పోవద్దు, ఇది ఆజ్ఞే అనుకో. లోపల తవ్వేసిన పాత చోట్ల మీద నేల కుంగుతుంది, పగుళ్లు గడ్డిలో కనపడవు. పాత మోరీల (బాయి నోళ్ల) దగ్గర గాలి మంచిది కాదు. చూడాలనుంటే నాతో రా, దూరం నుంచి చూపిస్తాను.

వెళ్లే వేళ చూసుకో. మధ్యాహ్నం తిన్నాక పెద్దవాళ్లు పడుకుంటారు. పొద్దున ఎండెక్కకముందు, లేదా సాయంత్రం అరుగుల మీద చేరినప్పుడు పో. నలుగురు ఉంటే ఒకరి మాట ఒకరు అందుకుంటారు, మరిచిపోయినవి బయటకొస్తాయి. ఆ తర్వాత ఒక్కొక్కరి ఇంటికి విడిగా పో. నలుగురిలో చెప్పనివి అప్పుడు చెబుతారు.

ఈ సెలవుల్లో పని పూర్తి కాదు. నవంబరులో మళ్లీ రెండు రోజులు రా. పింఛను తీసుకునేవాళ్లందరూ లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆ నెలలోనే వస్తారు. ఎక్కడెక్కడో కొడుకుల దగ్గర ఉంటున్నవాళ్లు కూడా కొందరు ఊరికి వస్తారు. బ్యాంకు తెరవకముందే వరుసలో నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. నేను కూడా ఆ వరుసలోనే ఉంటాను. ఒక్కొక్కరిని పిలిచి, ఎవరు ఏ బాయిలో ఏం చేశారో నీకు పరిచయం చేస్తాను.

నీ తాతయ్య