సావిత్రి గారి ఉత్తరమని కొన్నాను, నకిలీ అంటున్నారు

ప్రశ్న: సినిమావాళ్ళు, టీవీవాళ్ళు సొంత దస్తూరితో రాసి సంతకం పెట్టిన చీటీలు, ఉత్తరాలు చిన్నప్పటి నుంచి కూడబెడుతున్నాను. 14 నెలల కిందట ఫేస్‌బుక్‌లో పరిచయమైన విజయవాడ వ్యాపారి దగ్గర ఒక ఇన్‌లాండ్ లెటర్ 38 వేలకు కొన్నాను. సావిత్రి గారు 1964లో ఒక అభిమానికి రాసిందని చెప్పాడు. ‘ఒరిజినల్, గ్యారంటీ’ అని వాట్సాప్‌లో కూడా పెట్టాడు. మొన్న మా స్నేహితుడు దాని మీద పిన్‌కోడ్ గళ్ళు చూసి నకిలీ అన్నాడు. డబ్బు తిరిగి వస్తుందా? ఇంకొకటి. మా అమ్మకు జబ్బు చేసినప్పుడు ఒక టీవీ నటి తన ఇంటి కష్టాలు కూడా చెప్పుకుంటూ రాసిన ఉత్తరం నా దగ్గరుంది. అమ్మ ఇప్పుడు లేరు. ఆ ఉత్తరం యూట్యూబ్‌లో చూపించవచ్చా?
– ఒక పాఠకుడు, అంబర్‌పేట, హైదరాబాద్

జవాబు: మీ స్నేహితుడు సరైన చోటే చూశారు. మన దేశంలో పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. అంతకు ముందు మద్రాసు లాంటి పెద్ద ఊళ్ళకు జోన్ నంబరు రాసేవారు. టి.నగర్ అయితే ‘మద్రాసు-17’, అంతే. ఆరు అంకెలకు ఆరు గళ్ళు అచ్చయిన ఇన్‌లాండ్ లెటర్ 1964లో ఎవరి చేతికీ వచ్చే వీల్లేదు. మీ కేసుకు ఆయువుపట్టు ఈ గళ్ళే.

చాలామంది ముందు చేతిరాత నిపుణుడి కోసం పరిగెత్తుతారు. నిపుణుడి అభిప్రాయం సాక్ష్యమే గాని, ఆ ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పడానికి కోర్టులు వెనకాడతాయి. పైగా పోల్చి చూడటానికి అదే కాలంలో ఆమె పెట్టినట్టు ఎవరూ కాదనని సంతకాలు కావాలి. తెలుగు సంతకానికి తెలుగు సంతకమే కావాలి, ఇంగ్లీషుది పనికిరాదు. జిరాక్సు కుదరదు, అసలు కాగితమే ఉండాలి. రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు మనంతట మనం పట్టుకెళ్తే తీసుకోరు, పోలీసులో కోర్టో పంపాలి. గళ్ళ సంగతి తేల్చడానికి ఇంత తతంగం అక్కర్లేదు.

1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఫలానాదని చెప్పి అమ్మిన సరుకు ఆ చెప్పినదానికి సరిపోవాలి. మీకు అమ్మిన వ్యాపారి చెప్పింది మూడు ముక్కలు: సావిత్రి గారు, సొంత దస్తూరి, 1964. ‘ఆమె సెక్రటరీ రాసి ఉంటాడు లెండి’ అని రేపు తప్పించుకోవాలని చూడొచ్చు. అభిమానుల ఉత్తరాలు కుప్పలుగా వచ్చే తారల తరఫున సెక్రటరీలు జవాబు రాయడం, ఫొటో మీద సంతకం అచ్చేసి పంపడం మామూలే. తారకు తెలిసే జరిగితే అది ఫోర్జరీ కాదు. కానీ దాన్నే సొంత దస్తూరి అని చెప్పి అమ్మడం తప్పే. ఇక ఈ గళ్ళ ముందు ఆ సాకు కూడా నిలవదు.

మీకు సులువైన దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. వ్యాపారి విజయవాడలో ఉన్నా, మీరు నివసించే హైదరాబాద్‌లోనే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. అయితే ఒక్క మాట. తిరిగి అమ్ముకోవడానికి కొన్నవారిని ఈ చట్టం వినియోగదారుడిగా ఒప్పుకోదు. ‘రేటు పెరిగితే అమ్మేద్దాం’ అని మీరు ఆ చాట్‌లో ఎక్కడైనా రాసి ఉంటే అవతలి లాయరు మొదట పట్టుకునేది అదే. అప్పుడు సివిల్ కోర్టుకు వెళ్ళాల్సి వస్తుంది. అమ్మినవాడు వ్యాపారి కాక, ఇంట్లో ఉన్న ఉత్తరాన్ని ఒక్కసారి అమ్ముకున్న మామూలు మనిషి అని తేలినా దారి అదే.

పోలీసు కేసు పెట్టమని మీవాళ్ళు అనవచ్చు. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం నిలవాలంటే అమ్మేటప్పుడే అతనికి దురుద్దేశం ఉందని చూపించాలి. అతన్నీ ఎవరో ముంచి ఉండవచ్చు. అందుకే ముందు లీగల్ నోటీసు ఇవ్వండి: ఉత్తరం తీసుకుని 15 రోజుల్లో 38 వేలు వాపసు ఇవ్వమని. చాలా వ్యవహారాలు అక్కడే తెగిపోవడం నేను చూశాను.

ఆ వాట్సాప్ మాటలు చెరపకండి, ఆ ఫోను మార్చకండి. కోర్టులో వాటిని చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఫోనులాంటి వాటిలోని రికార్డు నిజమైనదేనని ధ్రువీకరించే పత్రం) జత చేయాలి. డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్, కొరియర్ కవరు కూడా దాచండి. ఉత్తరాన్ని లామినేట్ చేయించకండి, టేపు అంటించకండి; సిరాను పరీక్షించడం కష్టమవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నష్టం పూడ్చుకుందామని దాన్ని ఇంకొకరికి అంటగట్టకండి. నకిలీ అని తెలిసీ అసలుదని అమ్మితే నేరం మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇక అమ్మగారికి వచ్చిన ఉత్తరం. ఆ కాగితం అమ్మగారిది, ఇప్పుడు ఆమె వారసులది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళకూ అందులో పాలుంటుంది. అందులోని మాటల మీద కాపీరైట్ మాత్రం రాసినావిడదే. ఆమె బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. ఉత్తరం చేతికి ఇచ్చినంత మాత్రాన అది మారదు, మార్చాలంటే రాతపూర్వకంగా రాసివ్వాలి. ఫ్రేము కట్టి గోడకు పెట్టుకోండి, ఇంటికొచ్చినవాళ్ళకు చూపించండి, ఎవరూ కాదనరు. యూట్యూబ్‌లో చదివి వినిపించడం వేరే సంగతి. కాపీరైట్‌తో పాటు ఆమె వ్యక్తిగత గోప్యత కూడా అడ్డొస్తుంది. జబ్బుతో ఉన్న మనిషిని ఓదార్చడానికి ఆమె తన ఇంటి కష్టం చెప్పుకున్నారు, అది లోకానికి చెప్పింది కాదు. నేనైతే ఆమెకు ఒక మెసేజ్ పెట్టి అడుగుతాను. ‘సరే’ అని రాతలో వస్తే చూపించండి. జవాబు రాకపోతే దాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు.

మొదటి వ్యవహారంలో ఆలస్యం చేయకండి. వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్ళు. కొన్న రోజు నుంచి లెక్కేసుకుంటే మీకు మిగిలింది 10 నెలలు. నోటీసు ఈ వారమే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు ఆ ఉత్తరంతో పాటే ఫైల్లో పెట్టండి.