ప్రవరుడు ‘చిక్కుకున్నాడా’?

సందేహం: అయ్యా, మాది ప్రొద్దుటూరు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేస్తున్నాను. బయటి దేశపు ఆటగాడికి డోప్ పరీక్షలో పాజిటివ్ వస్తే మన టీవీల వాళ్ళు ‘స్టెరాయిడ్లు వాడి దొరికిపోయాడు’ అంటారు. అదే మనవాడైతే ‘డోపింగ్ వివాదంలో చిక్కుకున్నాడు’ అంటారు. ఇందులో ఏది సరైన తెలుగు అని పిల్లలు అడిగితే చెప్పలేకపోయాను. స్టెరాయిడ్‌ను ‘ఉత్ప్రేరకం’ అనడం ఒప్పేనా? ఒక ఛానెల్లో ‘మాదకద్రవ్యం’ అని కూడా వేశారు. చివరగా, జిమ్మును ‘గరిడీ’ అనవచ్చా?

సమాధానం: డ్రిల్లు సారూ, మాదకద్రవ్యంతో మొదలుపెడతాను, దానికి రెండు వాక్యాలు చాలు కాబట్టి. మత్తెక్కించేది మాదకం, స్టెరాయిడ్ కండ పెంచుతుందే గానీ మత్తెక్కించదు, కనుక ఆ మాట ఇక్కడ శుద్ధ తప్పు. ఆటల్లో నిషేధించిన వాటిలో గంజాయి కూడా ఉందనుకోండి, అది వేరే సంగతి.

ఉత్ప్రేరకం సంగతి కాస్త మెలికగా ఉంది. మీ పిల్లలే రసాయనశాస్త్రం పాఠంలో చదువుకుని ఉంటారు, చర్య వేగాన్ని పెంచి చివరికి తాను మాత్రం ఏ మార్పూ లేకుండా మిగిలిపోయేది ఉత్ప్రేరకం అని. స్టెరాయిడ్ అట్లా మిగలదు. కాలేయంలో రూపం మారి మూత్రంలో బయటికి పోతుంది, ల్యాబు వాళ్ళు ఎక్కువగా పట్టుకునేది ఆ మారిన రూపాల జాడనే. అసలు మిగలకపోవడం వల్లనే దొరికే దాన్ని ఉత్ప్రేరకం అంటే సైన్సు అయ్యవారు నవ్వడా? పైగా ‘ప్రేరణ’ అనేది మనకు మంచి మాట. గాంధీగారి ప్రేరణ, గురువుగారి ప్రేరణ అంటూ ఉంటాం. ఆ వాసన ఉత్ప్రేరకానికీ అంటుకుని, చేసిన పని కాస్త గౌరవంగా వినిపిస్తుంది. పత్రికలు ఏళ్ళ తరబడి వాడి నిలబెట్టిన మాట కనుక తప్పని కొట్టెయ్యను. నేనైతే రాయను.

మరేమనాలంటే, మందు అనండి. ఇంత మంచి మాటను చేతిలో పెట్టుకుని సంస్కృతం దుకాణానికి ఎందుకు పరుగెత్తాలో నాకు అర్థం కాదు. తమిళంలో మరుందు, మలయాళంలో మరున్ను, కన్నడంలో మద్దు, మనకు మందు. అన్నీ ఒక తల్లి బిడ్డలే. నడిమి ‘రు’ అరిగిపోయి మనది కురచైంది, అంతే. మడకశిర వైపు పోతే ఒక ఇంట్లోనే మందూ మద్దూ రెండూ వినిపిస్తాయి. జ్వరానికి వేసేది మందే, వేరుశనగకు కొట్టేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే, సాయంకాలం సీసాలోదీ మందే, కోడలు కొడుక్కి పెట్టిందని అత్త అనుమానించేదీ మందే. ప్రాణం పోసేదీ తీసేదీ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి, అందుకే ఇది ఎవరి పక్షమూ వహించదు. ‘నిషేధిత మందు’ అంటే తూకం సరిగ్గా నిలుస్తుంది.

ఇంగ్లీషు ‘డోప్’ పుట్టుక కూడా చెప్పాలి. డచ్చి భాషలో ‘డూప్’ అంటే ముంచుకుని తినే చిక్కని పులుసు, మనం సంగటి ముద్దను ఊరిబిండిలో అద్దుకున్నట్లు అన్నమాట. అది అమెరికాకు పోయి చిక్కగా జిగురుగా ఉండే పూత పదార్థాలన్నిటికీ పేరైంది, తర్వాతే మత్తుమందులకూ గుర్రాలకిచ్చే మందులకూ పాకింది. అంటే డోప్ ఒకప్పుడు లేపనం లాంటిదే. లేపనం అనగానే నాకు ఎవరు గుర్తొస్తారో ఈ శీర్షిక చదివేవాళ్ళకు చెప్పనక్కరలేదు.

మన కడప జిల్లా కోకటం అగ్రహారీకుడు, అల్లసాని పెద్దన. కమలాపురం దగ్గరి ఆ ఊరు మీకు ఎంతో దూరం కాదు. ‘కోకట గ్రామాద్యనేకాగ్రహారంబులడిగిన సీమలయందు నిచ్చె’ అని రాయలు పోయాక ఆయనే ఏడ్చుకున్నాడు. ఆయన మనుచరిత్రలో కాళ్ళకు మందు పూయించుకుని హిమాలయాలకు పోయి ఇబ్బందిపడ్డ ప్రవరుడి కథ ఒకటుంది. ప్రవరుడి కథలో పోటీ లేదు, పతకం లేదు, అది నాకూ తెలుసు. అయినా మందు ఎట్లా చేతులు మారుతుందో, దాని పేరు ఎట్లా మారుతుందో ఇంత నిక్కచ్చిగా చూపించిన కవి నాకు ఇంకొకడు కనబడడు.

ఇంటికి వచ్చిన సిద్ధుణ్ణి ప్రవరుడు అడుగుతాడు, ఇంత చిన్న వయసులో ఇన్ని దేశాలు ఎట్లా తిరిగారు స్వామీ అని. పరమ రహస్యం, అయినా నీకు చెబుతాను అంటూ సిద్ధుడు ‘పాదలేపమను పేరం గల్గు దివ్యౌషధంబు’ అంటాడు. చూడండి, ఇచ్చేవాడి నోట్లో అది దివ్యౌషధం. దంతపు బరిణెలోంచి తీసి, ఇది ఫలానా పసరు అని చెప్పకుండానే కాళ్ళకు పూస్తాడు. ఏముందో చెప్పని డబ్బా అమ్మే సప్లిమెంట్ల వాళ్ళకు ఈయన మూలపురుషుడు. ఆ వెంటనే వచ్చే కందం చదవండి:

ఆ మందిడి యతడరిగిన
భూమీసురు డరిగె దుహినభూధరశృంగ
శ్యామల కోమల కానన
హేమాఢ్య దరీఝరీ నిరీక్షాపేక్షన్

పద్యంలో మిగతాదంతా సంస్కృతపు వైభవమే. కొండ శిఖరాలు, నల్లని అడవులు, సెలయేళ్ళు అన్నీ సమాసాల్లో జలజలా పారుతున్నాయి. మొదటి మాట మాత్రం ‘ఆ మందు’. సిద్ధుడు దివ్యౌషధం అన్నదాన్ని కవి తన గొంతుతో చెప్పాల్సి వచ్చేసరికి మందు అన్నాడు. గణాల కోసం పడిందని మీరు అనవచ్చు. ఆంధ్ర కవితాపితామహుడికి గణాలకు కొరతా? అమ్మేవాడు వాడే మాటా చూసినవాడు వాడే మాటా వేరుగా ఉండాలని ఆయనకు తెలుసు. మన యాంకర్లకు తెలియనిది ఇదే.

ఇక మంచునీళ్ళకు పసరు కరిగిపోయింది, వెనక్కి పోయే దారి లేదు. ఇదే ఇప్పుడు జరిగితే కింద పట్టీ ఏమని పారుతుంది? ‘హిమాలయాల్లో చిక్కుకున్న తెలుగు బ్రాహ్మణుడు’. ప్రవరుడు తన గురించి ఏమన్నాడో వినండి. ఒంటరిగా ఉన్నప్పుడు అనుకున్నది:

ఎక్కడి యరుణాస్పదపుర
మెక్కడి తుహినాద్రి క్రొవ్వి యే రాదగునే

తర్వాత ఆ కొండమీద ఎదురైన వరూధినితో అన్నది, ఇది అందరి నోటా ఉన్న పద్యమే:

ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ యొంటి జరించె దోట లే
కివ్వనభూమి భూసురుడ నే బ్రవరాఖ్యుడ ద్రోవ తప్పితిన్
గ్రొవ్వున నిన్నగాగ్రమునకుం జనుదెంచి...

ఈ పద్యం చెప్పినప్పుడల్లా అందరూ భీతహరిణేక్షణ దగ్గర ఆగి మైమరచిపోతారు. నేను ‘క్రొవ్వున’ దగ్గర ఆగుతాను. చూసేవాళ్ళు లేనప్పుడు క్రొవ్వి వచ్చానన్నాడు, ముక్కూ మొగమూ తెలియని ఆడమనిషి ఎదుటా క్రొవ్వున వచ్చానన్నాడు. కొవ్వెక్కి చేశాను అని మన సీమలో తిట్టుకునే మాటను నెత్తిన పెట్టుకున్నాడు. తప్పితిన్ అన్నాడు, తప్పింపబడితిన్ అనలేదు. సిద్ధుడు మోసం చేశాడనీ అనలేదు. ఇంతలో చిన్న తమాషా ఒకటి: స్టెరాయిడ్ అనే మాట కొలెస్టరాల్‌లోని ‘స్టెరాల్’ నుంచి వచ్చింది, పిత్తాశయపు రాళ్ళలో దొరికిన గట్టి పదార్థం కాబట్టి గట్టిదనే గ్రీకు మాటతో దానికా పేరు. కొలెస్టరాల్‌ను మన జనం ఏమంటారో మీకు తెలుసు కదా. అయిదు వందల ఏళ్ళ కిందటే క్రొవ్వున అన్నాడు మావాడు!

అయితే ప్రవరుణ్ణి మరీ నెత్తికెత్తుకోను. అదే ఘట్టంలో ఇంకో పద్యం ఉంది, మందు పసేమిటో చూడాలంటే ద్వారకో కాశో గయో పోకుండా పులులూ ఖడ్గమృగాలూ తిరిగే మంచుకొండకు రావడమేమిటని తల బాదుకునే పద్యం. అది ఎట్లా ముగుస్తుంది? ‘బుద్ధిజాడ్యజనితోన్మాదుల్ గదా శ్రోత్రియుల్’ అని. నేను పిచ్చివాణ్ణి అనలేదు, వేదం చదివినవాళ్ళంతా పిచ్చివాళ్ళే కదా అన్నాడు. ఏకవచనం బరువైనప్పుడు మనిషి బహువచనం చాటుకు పోతాడు. పట్టుబడిన ఆటగాళ్ళు ‘అందరూ వాడుతున్నారు’ అనేది ఈ వ్యాకరణమే.

ఇప్పుడు మీ క్రియల దగ్గరికి. దొరుకు, చిక్కు, పట్టుబడు, మూడూ మంచి తెలుగే, ఏదీ తప్పు కాదు. కానీ ‘వాడి దొరికిపోయాడు’లో వాడడమనే పని అతని మీద ఉంది. ‘వివాదంలో చిక్కుకున్నాడు’ అన్నప్పుడు పని చేసినవాడే లేడు, వివాదమనే వల ఎవరో పరిచారు, పాపం ఇతను నడుచుకుంటూ పోయి అందులో పడ్డాడు. మన వైపు చిక్కడమంటే సన్నబడడం కూడా. కండలు పెంచే మందు తిన్నవాడు చిక్కాడంటే మా ఇంట్లో పెద్దావిడ ‘అయ్యో, అన్నం తినలేదేమో’ అంటుంది.

ఈ జబ్బు మన ఛానెళ్ళకే కాదు. 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ 100 మీటర్లు 9.79 సెకన్లలో పరుగెత్తాడు, మూడు రోజులకు స్టానొజొలాల్ అనే స్టెరాయిడ్ బయటపడి పతకం పోయింది. గెలిచినప్పుడు కెనడా వీరుడు, పట్టుబడ్డాక జమైకాలో పుట్టినవాడు అయ్యాడని కెనడాలోనే ఎత్తిపొడుచుకున్నారు. ఆ పతకం అమెరికా కార్ల్ లూయిస్‌కు దక్కింది. అదే ఏడాది అమెరికా ఎంపిక పోటీల్లో లూయిస్ మూత్రంలోనూ ఉద్దీపక మందుల జాడ కనిపించిందనీ, తెలియక తీసుకున్నాడని అక్కడి ఒలింపిక్ కమిటీ వదిలేసిందనీ 2003లో కాగితాలు బయటికొచ్చాయి. రెండూ ఒక తరహా మందులు కావు, లూయిస్‌కు వచ్చిన మోతాదు కూడా చాలా తక్కువ, ఆ తేడా చెప్పాల్సిందే. ఆ తేడాను పరాయివాడి విషయంలో కూడా అంతే ఓపిగ్గా చెబుతారా అన్నదే నా ప్రశ్న. 2011లో మన రిలే పరుగు అమ్మాయిలు స్టెరాయిడ్ పరీక్షలో పట్టుబడితే, కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ వల్ల వచ్చిందన్నారు. దంతపు బరిణె మళ్ళీ. నాకు గుర్తున్నంతలో అప్పటి చర్చల్లో మందు పేరు కంటే ఆ కోచ్‌ది ఉక్రెయిన్ అనే మాటే ఎక్కువ వినిపించింది.

పక్షపాతం మనిషి మీదనే కాదు, మందు మీద కూడా ఉంటుంది. 2020 జూన్‌లో బ్రిటన్ వైద్యులు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌తో వెంటిలేటర్ మీదున్న కొవిడ్ రోగుల్లో మరణాలు మూడో వంతు దాకా తగ్గాయని చెప్పారు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మేలు కనిపించలేదని కూడా చెప్పారు, ఆ సగం టీవీల్లో గట్టిగా వినిపించలేదు. మరుసటి ఏడు బ్లాక్ ఫంగస్ వచ్చేసరికి నిరుటి సంజీవని రాక్షసి అయిపోయింది. అడ్డగోలుగా వాడడం, అదుపు తప్పిన షుగరు అనే కారణాలు వెనక్కి పోయాయి. కండ పెంచే స్టెరాయిడ్ వేరు, వాపు తగ్గించే డెక్సామెథసోన్ వేరు అని చెప్పేవాళ్ళు మరీ తక్కువ. ఉబ్బసానికి డాక్టరు రాసిచ్చిన పీల్చే మందులో స్టెరాయిడ్ ఉందని విని మానేసినవాళ్ళను నేనెరుగుదును. నూరిపోసిన యాంకరుకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

పిల్లలకు ఏం చెప్పాలంటారా? పరీక్ష నిజంగా చెప్పేది ఒక్కటే, మూత్రంలోనో రక్తంలోనో ఫలానా మందు ఉందని. అది ఎట్లా వచ్చిందో పరీక్ష చెప్పదు. ఎట్లా వచ్చినా బాధ్యత ఆటగాడిదేనని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమం, కానీ అది శిక్షకు సంబంధించినది, వాక్యానికి కాదు. కాబట్టి ‘అతని నమూనాలో నిషేధిత స్టెరాయిడ్ ఉన్నట్లు తేలింది’ అని రాయిస్తే చాలు. రెండో నమూనా కూడా చూసి, విచారణ అయ్యాక ‘వాడాడు’ అనుకోవచ్చు. చప్పగా ఉందంటారేమో, ఉండనివ్వండి. మీకు ఎరుపెక్కిన వాక్యమే కావాలంటే దొరికిపోయాడనే అనండి, నాకు అభ్యంతరం లేదు, మనవాణ్ణి కూడా అదే నోటితో అనగలిగితే. చిక్కుకున్నాడనే మాటను మాత్రం లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకూ వరదలో మిగిలినవాళ్ళకూ వదిలిపెట్టమని నా మనవి. నిఘంటువు నా వైపు పూర్తిగా రాదని ముందే చెబుతున్నాను.

ఇంకొకటి, మీరు అడగనిది. మీ ఉత్తరంలో ‘స్టెరాయిడ్లు’ అని శుభ్రంగా రాశారు, సంతోషం. ఛానెళ్ళలో ‘స్టెరాయిడ్స్‌లు’ అని వస్తోంది. ఇంగ్లీషు బహువచనం మీద మళ్ళీ తెలుగు బహువచనం. ఇట్లాగే ‘షూస్‌లు’, ‘టికెట్స్‌లు’. వీళ్ళకు ఒక మోతాదు ఎప్పుడూ చాలదు.

గరిడీ అనవచ్చు. సాము గరిడీలు మనకు కొత్త కాదు, కన్నడంలో ఇప్పటికీ కుస్తీ నేర్పే చోటు గరడియే. అద్దాల గదిలో ఏసీ వేసి ట్రెడ్‌మిల్లు మీద పరుగెత్తే చోటికి ఆ మాట నప్పుతుందా అంటే నాకు కాస్త సందేహమే, ఎర్రమట్టి లేనిదే గరిడీ అనడానికి నోరు రాదు. దాని పుట్టుక పెద్ద కథ, వచ్చే వారం చూద్దాం.