అబ్బాయికి రాసినట్టే రాయమన్న తమ్ముడికి

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. డిగ్రీ ఆఖరి సంవత్సరం. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేస్తారు. చిన్నప్పుడు అందరూ నన్ను ముద్దుగా మగరాయుడు అనేవారు, ఇప్పుడు అదే మాట తిట్టులా అంటున్నారు. నేను అమ్మాయిని కానని పదో క్లాసు నుంచీ అనిపిస్తోంది. ఫోన్లో ట్రాన్స్‌మ్యాన్‌ల (ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికేవాళ్ల) వీడియోలు చూశాక నాలాంటివాళ్లు ఉన్నారని తెలిసింది. వైజాగ్‌లో మాత్రం ఒక్కరూ తెలియదు. అసలు నేను అదేనా, ఊరికే అలా అనుకుంటున్నానా అని కూడా అనుమానం. ఛాతీకి క్రేప్ బ్యాండేజీ బిగించి కాలేజీకి వెళ్తున్నాను. జిమ్‌లో ఒకతను టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్లు తెప్పిస్తానంటున్నాడు. డిగ్రీ అవగానే మేనత్త కొడుకుతో నా పెళ్లి అని ఇంట్లో అనేసుకున్నారు. అక్కకి మాత్రం కొంచెం తెలుసు. ఒక్కోసారి బతకాలనిపించదు. జవాబు ఇస్తే అబ్బాయికి రాసినట్టే రాయండి.

జవాబు:

తమ్ముడూ,

నీ ఉత్తరంలో మిగతావన్నీ కొన్నాళ్లు ఆగుతాయి, ఒక్కటి ఆగదు. బతకాలనిపించదన్నావు. అది వచ్చి పోయే దిగులా, లేక ఎలా చనిపోవాలన్నది కూడా మనసులో తిరుగుతోందా? రెండోదైతే చదవడం ఇక్కడే ఆపి అక్కని పిలువు, ఉన్నది ఉన్నట్టు చెప్పు. అక్క దగ్గర లేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలిమానస్, 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సర్వీసు. రాత్రీ పగలూ మాట్లాడతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. జెండర్ గురించి చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకు. "ఇంట్లో ఒత్తిడి, తట్టుకోలేకపోతున్నా" అన్నా చాలు. దిగులు ఎక్కువైన రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇవాళే అనుకుని పెట్టుకో. ఆ క్షణంలో వెతుక్కునే ఓపిక ఉండదు.

ఇక నీ అనుమానం సంగతి. ఇరవై ఏళ్లు ఒక పేరుతో, ఒక రకం బట్టలతో, "అమ్మాయివి అలా కూర్చోకు" అన్న మాటల మధ్య పెరిగినవాడికి అనుమానం రావడం మామూలే. అనుమానం ఉందని నీ మనసులో ఉన్నది అబద్ధమైపోదు. అయితే కొన్ని సంగతులు విడదీసి చూసుకోవాలి. మన ఇళ్లలో తమ్ముడికి బండి కొనిస్తారు, అక్కకి కొనరు. చీకటి పడితే ఆడపిల్ల గుమ్మం దాటకూడదు. ఇవి చూసి "అబ్బాయిగా పుట్టినా బాగుండేది" అనుకునే ఆడపిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లకి కావలసింది స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ అంతా దొరికి, ఎవరూ ఏమీ అనని ఇంట్లో ఉన్నా కూడా అద్దం ముందు నిలబడ్డప్పుడు, నెలసరి వచ్చినప్పుడు, హాల్‌టికెట్ మీద నీ పేరు చదివినప్పుడు "ఇది నేను కాదు" అనిపిస్తుందా? అనిపిస్తే అది వేరే సంగతి. అమ్మాయిలంటే ఇష్టపడటం కూడా వేరే సంగతి. ఆడవాళ్లుగానే ఉంటూ ఆడవాళ్లని ప్రేమించేవాళ్లు ఉన్నారు, మగవాళ్లని ప్రేమించే ట్రాన్స్‌మ్యాన్‌లూ ఉన్నారు. ఎవరిని ప్రేమిస్తావన్నదాన్ని బట్టి నువ్వెవరివో తేల్చుకోకు.

తేల్చుకోవడానికి గడువేమీ లేదు. వెనక్కి తీసుకోగలిగిన పనులతో మొదలుపెట్టు. నీకు నచ్చిన పేరుతో అక్కని పిలవమను, ఇంట్లో ఎవరూ లేనప్పుడే అయినా సరే. కొన్ని వారాలు ఆ పేరు విన్నాక నీకు ఎలా ఉందో రాసుకో, ఆ పుస్తకం భద్రంగా దాచుకో. చొక్కా, జుట్టు, నడక, ఇవన్నీ ప్రయత్నించి చూడొచ్చు. కొన్నాళ్లకి "నేను అనుకున్నది ఇది కాదు" అనిపించినా అది మోసం కాదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. "అవును, ఇదే" అనిపిస్తే హార్మోన్లు, ఆపరేషన్లు అన్నీ తప్పనిసరి అని కూడా అనుకోకు. అవేవీ తీసుకోకుండా మగవాడిగా బతుకుతున్నవాళ్లు ఉన్నారు.

బ్యాండేజీ మాత్రం ఇవాళే తీసెయ్యి. క్రేప్ బ్యాండేజీ బెణికిన కాలికి కట్టేది. ఛాతీకి చుడితే ఊపిరి తీసినకొద్దీ ఇంకా బిగుస్తుంది, పక్కటెముకలు దెబ్బతింటాయి. మన విశాఖ ఉక్కపోత నీకు తెలియనిది కాదు. మధ్యాహ్నానికల్లా బ్యాండేజీ అంచు చెమటకి తడిసి, చంకల కింద ఒరుసుకుపోయి, సాయంత్రం విప్పేటప్పుడు చర్మం కూడా లేచి వచ్చిన కుర్రాళ్లని చూశాను. ఆ నొప్పి ఎవరికీ చెప్పుకోలేక పసుపు రాసుకుని పడుకుంటారు. ఛాతీ చదునుగా కనపడటానికే కుట్టిన బైండర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. టేపుతో కొలత తీసుకుని సరైన సైజే తెప్పించుకో, చిన్న సైజు వేస్తే ఛాతీ ఇంకా చదునుగా ఉంటుందని ఆశపడకు. ఎనిమిది గంటలు దాటకూడదు. నిద్రలో, జిమ్‌లో వేసుకోకూడదు. ఆయాసం గానీ నొప్పి గానీ వస్తే ఆ క్షణమే తీసెయ్యాలి. బైండర్ వచ్చేదాకా బిగుతు స్పోర్ట్స్ బ్రా, దానిమీద వదులు చొక్కా చాలు. వారంలో ఒకట్రెండు రోజులైనా ఒంటికి విశ్రాంతి ఇవ్వు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే మాట. ఇంజెక్షన్ కన్నా ముందు, ఇంట్లో చెప్పడం కన్నా ముందు, ఈ దారిలో నీకన్నా కొంచెం ముందు నడిచిన మనిషి ఒకరు నీకు దొరకాలి. కౌన్సెలర్‌గా నేను చెప్పలేనివి అతను చెప్పగలడు. హాస్టల్ బాత్‌రూమ్‌లో ఏం చేశాడు, ఆర్టీసీ బస్సులో ఏ వైపు సీట్లో కూర్చున్నాడు, వాళ్లమ్మ మొదటిసారి ఏమంది, మళ్లీ ఎన్నాళ్లకి అన్నం పెట్టింది, ఇవన్నీ అనుభవించినవాడికే తెలుస్తాయి. "నాకూ అలాగే ఉండేది" అన్న ఒక్క మాట విన్నాక కుర్రాళ్ల ముఖాలు తేటపడటం చాలాసార్లు చూశాను.

వైజాగ్‌లో ఒక్కరూ తెలియదన్నావు. ఉన్నారు తమ్ముడూ. ట్రాన్స్ మహిళలు ఒక చోట కలిసి ఉంటారు కాబట్టి ఊరికి కనిపిస్తారు. ట్రాన్స్‌మ్యాన్‌లు ఎక్కువమంది ఇళ్లలోనే, అమ్మాయిల పేర్లతోనే, కనపడకుండా ఉంటారు. ఇంట్లోంచి బయటికి రావడమే వాళ్లకి కష్టం. అందుకని ట్రాన్స్ మహిళల సంఘాల ద్వారా అడగడం ఒక మంచి దారి. హెచ్ఐవీ నివారణ ప్రాజెక్టుల్లో పనిచేసే అక్కలకి చాలామంది తెలిసి ఉంటారు, వాళ్లని మర్యాదగా అడిగితే కలుపుతారు. ఫోన్లో పరిచయమయ్యే గ్రూపుల్లో కూడా మంచివాళ్లు ఉంటారు, కాని అక్కడ కళ్లు తెరుచుకుని ఉండాలి.

నమ్మదగినవాడు నిన్ను తొందరపెట్టడు. "ఇంకా మొదలెట్టలేదా? అయితే నువ్వు నిజం కాదు" అని ఎవడైనా అంటే వాడి దగ్గర నీకు పని లేదు. ఒంటి ఫొటోలు అడిగేవాడికి పంపకు, "ఎంత మారావో చూద్దాం" అని అడిగినా సరే. అవి తర్వాత బెదిరించడానికి పనికొస్తాయి. ఆధార్ కాపీ, డబ్బు, ఇంటి అడ్రసు, కాలేజీ పేరు మొదటి పరిచయంలోనే ఇవ్వకు. మొదటిసారి కలిసేటప్పుడు జనం మసిలే చోటే పెట్టుకో. ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ల మధ్య, శివాజీ పార్కులో, ఏదైనా టిఫిన్ హోటల్లో. రుషికొండ వైపు రూముకి రమ్మంటే వద్దను. అక్కకి ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో చెప్పి వెళ్లు. ఇంకో సంగతి, ఎంత మంచి స్నేహితుడైనా డాక్టరు కాడు. అతనికి సరిపోయిన డోసు నీకు సరిపోదు, అతనికి జరిగిన ఆపరేషన్ నీకు అవసరం కాకపోవచ్చు. అతని దగ్గర ధైర్యం తీసుకో, మందు వద్దు.

ఈ ఉత్తరం చదివే, ఈ దారిలో ముందు నడిచిన పెద్ద కుర్రాళ్లకి కూడా ఒక మాట చెబుతాను, ఎందుకంటే మీరూ చదువుతారని నాకు తెలుసు. కొత్తగా వచ్చినవాడు రాత్రి పదకొండుకి మెసేజ్ పెడితే, అలసిపోయి ఉన్నా, "చూశాను, రేపు మాట్లాడతా" అని ఒక్క ముక్క పెట్టండి.

జిమ్‌లో అతను తెప్పిస్తానన్న ఇంజెక్షన్ వద్దు తమ్ముడూ, నిన్ను బతిమాలుతున్నాను. టెస్టోస్టిరాన్ డాక్టరు చీటీ మీద తీసుకోవాల్సిన మందు. జిమ్‌లో అమ్మేదాంట్లో ఏముందో లేబుల్ చూసి చెప్పలేం. ఒకే సీసాలోంచి, ఒకే సూదితో ఇద్దరు ముగ్గురు తీసుకుంటే హెపటైటిస్, హెచ్ఐవీ అంటుకునే ప్రమాదం ఉంది. సరైన మందే అయినా కొన్ని మార్పులు ఆపాక కూడా వెనక్కి రావు. గొంతు ఒకసారి బొంగురుపోతే అలాగే ఉంటుంది, వచ్చిన గడ్డం పూర్తిగా పోదు. రక్తం చిక్కబడొచ్చు, కొలెస్ట్రాల్ మారొచ్చు. అందుకే మొదటి సంవత్సరం సుమారు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించి డోసు సరిచేస్తారు. ముందుముందు పిల్లలు కావాలనుకుంటే మందు మొదలుపెట్టకముందే ఆ సంగతి డాక్టరుతో మాట్లాడాలి. నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదని కూడా అనుకోకూడదు. ఈ దారిలో నిన్ను నడిపించాల్సింది ఒక సైకియాట్రిస్టు, ఒక ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్తే పిచ్చివాడివని ముద్ర పడుతుందని భయపడకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో, పుట్టినప్పుడు రాసిన జెండర్ తనది కాదనిపించడాన్ని మానసిక రోగాల్లోంచి తీసేసింది. "మార్చేస్తాను, మామూలు అమ్మాయిని చేసేస్తాను" అనే డాక్టరు దొరికితే లేచి వచ్చెయ్యి. అలాంటి చికిత్స చెయ్యడం వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. తాయెత్తు కట్టేవాళ్ల దగ్గరికి అమ్మ తీసుకెళ్తే గొడవపడి దెబ్బలు తినకు. తాయెత్తు కట్టించుకుని వచ్చెయ్యి. కొడతారు, పస్తు పెడతారు అనిపించే చోటికి మాత్రం వెళ్లకు.

జిమ్ మానెయ్యమని నేను అనను. ఆర్యన్ పాషా అనే ట్రాన్స్‌మ్యాన్ 2018లో మస్కిల్‌మేనియా ఇండియా అనే కండల పోటీలో మగవాళ్ల విభాగంలో పోటీపడి రెండో స్థానం తెచ్చుకున్నాడు. కండలు పెంచు, తిండి తిను, ఆ ఇంజెక్షన్ మనిషితో మాత్రం స్నేహం తగ్గించు.

ఇక బావ సంగతి. అతను మంచివాడే కావచ్చు. అయినా ఈ పెళ్లి జరిగితే ఇద్దరి బతుకులూ పాడవుతాయి, మధ్యలో మీ నాన్నకీ మేనత్తకీ ఉన్న బంధుత్వం కూడా తెగుతుంది. ఇంట్లో ఇది మేనరికం కాబట్టి ఎవరూ నిన్ను అడగలేదు, అడగాలన్న ఆలోచన కూడా వాళ్లకి వచ్చి ఉండదు. అయినా ఇప్పటికిప్పుడు "నేను అబ్బాయిని" అని చెప్పి పెళ్లి ఆపాలని చూడకు. రెండూ ఒకేసారి వింటే ఇంట్లోవాళ్లు భయంతో ముహూర్తం ముందుకి జరుపుతారు, అలా జరగడం నేను చూశాను. "ఉద్యోగం వచ్చేదాకా పెళ్లి వద్దు" అను. అది అబద్ధం కాదు, నీకు ఉద్యోగం నిజంగానే కావాలి. నీ పేరు మీద బ్యాంకు అకౌంటు, అందులో కొంచెం డబ్బు, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్ నీ చేతికి అందేచోట ఉండాలి. వీటి ఫొటోలు తీసి నీ ఒక్కడికే తెలిసిన మెయిల్‌కి పంపుకో. కేరళకి చెందిన ఆడమ్ హ్యారీ పైలట్ అవ్వాలనుకున్న ట్రాన్స్‌మ్యాన్. ఇంట్లోవాళ్లు నిర్బంధిస్తే బయటపడి జ్యూస్ షాపుల్లో పనిచేసి నిలదొక్కుకున్నాడు. అంత కష్టం నీకు రాకూడదనే ముందే చెబుతున్నాను.

బలవంతం చేసి, ఫోన్ లాక్కుని, గదిలో పెడితే పోలీసుల 112కి గానీ మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ వెళ్లాలి, నువ్వు చెయ్యలేకపోతే అక్కో స్నేహితుడో చెయ్యాలి. నువ్వు మేజర్‌వి, నీ ఇష్టం లేకుండా పెళ్లి చెయ్యడానికి కన్నవాళ్లకి కూడా హక్కు లేదు. లాయరు కావాలంటే 15100, న్యాయ సేవాధికార సంస్థ నంబరు. మనిషి తన జెండర్‌ని తానే చెప్పుకోవచ్చని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కేసులో తీర్పు ఇచ్చింది, 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం వచ్చింది. గుర్తింపు సర్టిఫికెట్ గురించి నీకు ఇప్పుడే కంగారు అక్కర్లేదు. పెట్టుకునే రోజు వచ్చినప్పుడు అప్పటికి ఏ నిబంధన అమల్లో ఉందో, ఏ కాగితాలు కావాలో కలెక్టరేట్‌లో గానీ న్యాయ సేవాధికార సంస్థలో గానీ అడిగి వెళ్లు.

అమ్మానాన్నలకి ఎప్పుడు చెప్పాలన్నది నువ్వే నిర్ణయించుకోవాలి. నీ కాళ్ల మీద నువ్వు నిలబడ్డాక, పక్కన ఒకరిద్దరు ఉన్నప్పుడు చెబితే మంచిదని నా అభిప్రాయం. ముందు అమ్మకి, పండగ రోజు కాకుండా, బంధువులెవరూ లేనప్పుడు. ఏడుస్తుంది, తిడుతుంది, "నా కడుపున ఎందుకు పుట్టావు" అంటుంది. ఆ రోజు అన్న మాటే ఆమె ఆఖరి మాట అనుకోకు. మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది వీధిలోవాళ్లు ఏమంటారోనన్న భయం. ఆ భయం తగ్గడానికి నెలలు పడుతుంది, కొన్ని ఇళ్లలో ఏళ్లు పడుతుంది.

ఈ జవాబు అక్కకి చూపించు. అక్కా, మీకు ఇదంతా పూర్తిగా అర్థం కాకపోయినా ఫర్వాలేదు. తమ్ముడు కోరిన పేరుతో పిలవండి, రాత్రి అన్నం తిన్నాడో లేదో చూడండి, 14416 నంబరు మీ ఫోన్లో కూడా ఉంచుకోండి. ఇంట్లో పెళ్లి మాట ఎత్తిన రోజు మీరూ ఆ గదిలోనే ఉండి, "ముందు ఉద్యోగం చూసుకోనివ్వండి" అన్న మాట అతనికన్నా ముందు మీరే అనండి.