మంచం మీది ముసలాయన

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

అమ్మాయీ,

నీ కవరు బుధవారం అందింది. ప్రళయం మీద నువ్వు రాసిన 42 పేజీల స్క్రిప్టు పక్కన పెట్టి, దాని వెనకాల పిన్ను కొట్టిన మూడు కాగితాలు ముందు చదివాను. 'ది లెఫ్టోవర్స్' సీరియల్ని హాస్టల్లో ఆరుగురికి చూపించి, ఎవరేమన్నారో ఉన్నదున్నట్టు రాసుకున్నావు. నీ వయసులో నాకీ బుద్ధి పుట్టలేదు. నాటకం తెర పడగానే జనం ఏమంటారో వినబడకుండా చీకట్లో ఇంటిదారి పట్టేవాణ్ణి.

నువ్వు పోరు పెట్టావని నేనూ చూశాను, 28 భాగాలూ. మనవడు ఫోన్లో పెట్టిచ్చాడు. ఒక అక్టోబరు 14న భూమ్మీద నూటికి ఇద్దరు చొప్పున 14 కోట్లమంది ఉన్నచోటే మాయమైపోతారు. ఎందుకో ఎవరికీ తెలీదు. మిగిలినవాళ్లు మిగిలినట్టు బతకాలి. అంతే కథ. ఆ తేదీ చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మనకి ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న వచ్చింది, హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న. ఆ వారం వచ్చిందంటే మన జిల్లాల్లో ఇప్పటికీ సముద్రం వైపు ఒక చెవి వేసే పడుకుంటారు.

ఇక నీ ఆరుగురి సంగతి. ఒకమ్మాయి 'ఎందుకు పోయారో చెప్పకుండా మూడు సీజన్లు లాగారు, మోసం' అంది. చర్చికి వెళ్లే అమ్మాయి, ప్రభువు తనవాళ్లని పైకి తీసుకుపోతాడన్న నమ్మకం తలుచుకుని, 'ఎత్తబడుట ఇలా ఉండదు, నమ్మినవాళ్లే పోవాలి కదా' అంది. ఇంకొకామె, తెల్లబట్టలు కట్టుకుని నోరు విప్పకుండా సిగరెట్లు కాల్చే ఆ గుంపుని చూసి హడలిపోయి రెండో భాగంతో ఆపేసింది. ఒకామె ఏడ్చింది, ఎందుకో చెప్పలేదు. తక్కిన ఇద్దరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. వాళ్లనీ రాశావు, అది నాకు నచ్చింది. ఇవన్నీ కూడి నువ్వు తేల్చింది మాత్రం నచ్చలేదు: 'జనానికి జవాబు కావాలి మాష్టారూ, అందుకే నా కథలో అన్నిటికీ జవాబు చెప్పేశాను.'

చెప్పేశావు, నిజమే. ప్రళయం వస్తుందన్న స్వామి మోసగాడు. స్వామి వెనక ఎమ్మెల్యే, ఎమ్మెల్యే వెనక భూములు కొనే కంపెనీ. ఆఖరి పది పేజీల్లో ఒక సైంటిస్టు దిగి, బల్ల మీద మ్యాపు పరిచి అన్నీ విప్పి చెప్తాడు. అవి చదువుతుంటే నాకు పదో తరగతి గైడు గుర్తొచ్చింది.

'మోసం' అన్న అమ్మాయి కోపంలో న్యాయం లేదనను. ఈ సీరియల్ తీసిన ఇద్దరిలో ఒకాయన డేమన్ లిండెలాఫ్. అంతకుముందు ఆయన చేయి పడ్డ 'లాస్ట్' సీరియల్లో ముడి మీద ముడి వేసుకుంటూ పోయారు. 2010లో ఆఖరి భాగం వచ్చాక జనం తిట్టిన తిట్లకి ఏళ్లు గడిచినా ఊపిరాడక, 2013లో ఆయన ట్విట్టర్ మానేశాడు. ముడి వేసినవాడు విప్పుతానని ఒప్పుకున్నట్టే కదా. అందుకే ఈసారి జాగ్రత్తపడ్డాడు, ఎందుకు పోయారన్నది చెప్పబోనని ముందే అనేశాడు. రెండో సీజన్ టైటిల్ పాటలోనూ అదే మాట, తెలియనిదాన్ని తెలియనట్టే ఉండనివ్వమని. నువ్వు కూడా ఏది చెప్తావో ఏది చెప్పవో మొదటి అరగంటలో చూసేవాడికి తెలియనియ్యి. ఆ తర్వాత కూడా తిట్టేవాళ్లని తిట్టనియ్యి.

అసలు చూడకుండానే తిట్టేవాళ్లు ఉంటారు, వాళ్ల గురించి రెండు ముక్కలు చాలు. 2019లో ప్రళయాన్ని వేళాకోళం చేస్తూ 'గుడ్ ఓమెన్స్' అని ఒక సీరియల్ వచ్చింది. దాన్ని ఆపేయమంటూ 20 వేలమందికి పైగా సంతకాలు చేసి నెట్‌ఫ్లిక్స్‌కి అర్జీ పెట్టారు. అది వచ్చింది అమెజాన్ ప్రైమ్‌లో. కరెంటు స్తంభం కావాలని పశువుల ఆసుపత్రికి అర్జీ పెట్టినట్టు.

చర్చి అమ్మాయి మాట మాత్రం రెండుసార్లు చదువుకో. ఆ ఆరుగురిలో నీకు గురువు ఆ పిల్ల. తను అడిగింది సీరియల్ లోపలే ఉంది. అందులో పాదిరి మాట్ జేమిసన్, మాయమైనవాళ్ల పాపాలు అచ్చువేసి ఊరంతా పంచుతాడు, ఇది దేవుడు మంచివాళ్లని తీసుకెళ్లడం కాదని రుజువు చేయడానికి. నమ్మేవాడికి ఎక్కడ ముల్లు గుచ్చుకుంటుందో రాసినవాళ్లకి తెలుసు. నీ స్క్రిప్టులో పాస్టరుగారు 'యుగాంతం' అంటున్నారు. ఏ పాస్టరూ అలా అనగా నేను వినలేదు. 'రెండవ రాకడ' అంటారు, 'అంత్యదినములు' అంటారు, ప్రకటన గ్రంథం తెరుస్తారు. కాలజ్ఞానం చెప్పేవాడి పలుకుబడి వేరు, ఖయామత్ సంగతి చెప్పే సాయిబుగారి పలుకుబడి వేరు. ఓ ఆదివారం ఆ పిల్లతో ప్రార్థనకి వెళ్లి వెనకాల కూర్చుని రా. మతం ఉన్న కథని మనవాళ్లు ఊరికే చూడరమ్మా. 1987లో టీవీలో రామాయణం వచ్చే ఆదివారాలు మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. పెద్దవాళ్లు స్నానాలు చేసి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి కూర్చునేవారు. ఆ ఇంటావిడ టీవీకి హారతిచ్చాకే మాకు బొమ్మ కనబడేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1979 జూలైలో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని దేశమంతా గగ్గోలు. చీపురుపల్లి దగ్గర మా ఊరు, నాకు పద్నాలుగేళ్లు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లన్నీ కోసుకు తిన్నారు. ఒకాయన, పేరెందుకులే, బాకీ వసూలుకి వచ్చినవాడికి పాడిగేదె పలుపు చేతిలో పెట్టి 'తీసుకుపో, రేపు నువ్వూ ఉండవు, నేనూ ఉండను' అన్నాడు. స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి వైపునా పడిపోయాయి. తెల్లారి ఆయన బాకీవాడి ఇంటిముందు నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. లోపల్నించి గేదె ఆయన్ని చూసి అరిచింది. స్కైలాబ్ అంటే నాకు రాకెట్టు కాదు, ఆ అరుపు గుర్తొస్తుంది. నీ స్క్రిప్టులో ప్రళయం ముందు ముప్పై పేజీలు, జవాబులు పది పేజీలు, తెల్లారి ఏం జరిగిందో రెండంటే రెండు పేజీలు.

1910లో హేలీ తోకచుక్కకి జనం వణికిపోతుంటే, ఇదే ఊళ్లో గురజాడవారు అది భూమికి దూరబ్బంధువు, దారిన పోతూ చూసిపోదామని వచ్చిందని పద్యం కట్టారు. భయానికి చుట్టరికం కలిపారు. అది మహానుభావుల పద్ధతి, నాకు చేతకాలేదు. నాకు చేతనైంది ఒక తప్పు. అది చెప్తాను.

2012 డిసెంబరు 21న లోకం ఆఖరని ఊదరగొట్టిన రోజులు. అది దాటాక సంక్రాంతికి ఒక ఊళ్లో ప్రళయం మీద నా నాటకం వేశాం. మొదటి రంగంలో వీధి అరుగు, నులకమంచం మీద పక్షవాతం ముసలాయన. రెండో రంగంలో వరద. మూడో రంగంలో ఊరంతా గుడి మెట్ల మీద, దేవుడున్నాడా లేడా అని పెద్ద వాదం. ఆ వాదం రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. చప్పట్లు బాగానే పడ్డాయి. పెట్టెలు సర్దుతుంటే ఒక ముసలమ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుని వచ్చి అడిగింది: 'బాబూ, ఆ మంచం మీద ముసిలోడ్ని ఎవులెత్తుకెల్నారు?'

నా దగ్గర జవాబు లేదు. మనుషులు చాలక, ముసలాయన వేషం వేసిన కుర్రాడికే మూడో రంగంలో పూజారి వేషం ఇచ్చాం. అంచేత నేనే ముసలాయన్ని మరిచిపోయాను. ఆవిడ ఊరుకోలేదు. 'అందరూ గుడెక్కీసినారు. ఆడ్ని ఒగ్గీసినారేటి?' అంది. వరద ఎందుకొచ్చిందని ఆవిడ అడగలేదు, దేవుడున్నాడా అనీ అడగలేదు.

నీ కాగితాల్లో ఊరికే ఏడ్చిన అమ్మాయిని ఒక్క వరసలో దాటేశావు. వీలైతే మళ్లీ కదుపు. ఏ సీన్ దగ్గర ఏడ్చింది, అందులో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు? 'ఎందుకు' అని మాత్రం అడక్కు, చెప్పలేదు.

ఇంకొకటి. నీ ఉత్తరం చివర 'పెదనాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్, నేనే తోడు వెళ్తున్నాను, అందుకే పంపడం ఆలస్యమైంది, క్షమించండి' అని రాశావు. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎంతమంది వచ్చి నీళ్లు పరీక్షించినా, మట్టి పరీక్షించినా ఇదీ కారణమని తేలలేదు. మీ ఊళ్లో ఎన్ని గడపల్లో మనిషి తగ్గాడో నీకు తెలుసు. ఎందుకని అడిగి అడిగి అలిసిపోయినవాళ్ల మధ్య పెరిగావు. అలాంటిదానివి, సైంటిస్టుని పిలిచి మ్యాపు పరిపించావు! ఆ పది పేజీలు తీసెయ్. కంపెనీవాణ్ణి ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం, నాకైతే వాడి మీద మోజు లేదు.

వచ్చే నెల పైడితల్లమ్మ సిరిమాను పండక్కి మీవాళ్లు ఎలాగూ వస్తారు కదా, ఆ ముందురోజు ఇంటికి రా. స్క్రిప్టు తేనక్కర్లేదు. ఆసుపత్రికి వెళ్లే రోజు గురించి ఓ నాలుగు పేజీలు రాసి పట్రా. పొద్దున్న ఎన్ని గంటలకి లేస్తారు, బస్సులో పెదనాన్న కిటికీ పక్కన కూర్చుంటాడా నువ్వు కూర్చుంటావా, అక్కడ ఎదురుచూసేవాళ్లు ఏం మాట్లాడుకుంటారు. నీళ్లు కొలిచి తాగాలంటారు కదా, మీ ఇంట్లో ఆ గ్లాసు ఏది, ఎవరు కొలుస్తారు?

ఆశీస్సులతో,
మీ మాష్టారు